ఎవరి రక్తం

“నా కంచం ఏదీ?”

లిఫ్టు మెకానిక్కు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. రోజూ గిన్నెలు బోర్లించే గట్టు మీద భార్య కంచం ఉంది, తల్లి కంచం ఉంది, పాప చిన్న గిన్నె ఉంది. అతనిది లేదు.

తల్లి స్టవ్వు వైపు నుంచి తిరగలేదు. “కిటికీ కింద పెట్టాను. గ్లాసు కూడా అక్కడే ఉంది. నీ సబ్బు వేరే డబ్బాలో వేశాను. ఇక నుంచి అదే వాడుకో.”

కిటికీ కింద నేల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద కంచం, గ్లాసు, ఒక చెంచా. అన్నీ తళతళలాడుతున్నాయి. అంత శుభ్రంగా తోమిన కంచం ఆ ఇంట్లో అతను ఎప్పుడూ చూడలేదు.

“అమ్మా, కంచాల వల్ల రాదని డాక్టరమ్మ చెప్పింది కదా.”

“డాక్టర్లు సవాలక్ష చెబుతారు. నా పెళ్ళి కాకముందు నుంచీ ఆస్పత్రిలో ఆయాగా చేశాను. కామెర్ల వాళ్ళ గ్లాసులు వేరే బకెట్లో వేసేవాళ్ళం. పని లేక వేశామా?”

“అది వేరు, ఇది వేరు.”

“నాకు చెప్పకు. ఇంట్లో పసిపిల్ల ఉంది.”

ఆ పసిపిల్ల అప్పుడే నిద్రలేచి వచ్చి, తండ్రి కాళ్ళను చుట్టేసి ఎత్తుకోమని చేతులు చాపింది. అతను వంగేలోపే నానమ్మ వచ్చి దాని జబ్బ పట్టుకుని లాగేసింది.

“ఇటు రా తల్లీ. నాన్నకి ఒంట్లో బాలేదు.”

“ఎక్కడ నొప్పి నాన్నా?” అంది పాప.



అతను భార్య వైపు చూశాడు. బేకరీ కౌంటర్లో పనికి వెళ్ళేందుకు తయారై, గోడకున్న అద్దం ముందు జుట్టు ముడివేసుకుంటోంది. అద్దంలో అంతా కనబడుతూనే ఉంది. పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి పెట్టుకుంటోంది తప్ప మాట్లాడలేదు. తల్లి పాపను లాగినందుకు కాదు, భార్య వద్దననందుకు అతనికి ఎక్కువ నొచ్చింది.

మెడికల్ సెంటరుకి వెళ్ళిన రోజు నుంచీ మనుషులు దూరం జరగడమే వరస. పై దేశంలో పెద్ద భవనాలకు లిఫ్టులు బిగించే కంపెనీ అతన్ని ఎంచుకుంది. ఇంటర్వ్యూలో మోటారు చప్పుడు వినిపించి ఏం పాడైందో చెప్పమంటే ఠక్కున చెప్పేశాడు. ఇక అక్కడ పని చేయడానికి పర్మిట్ రావడమే తరువాయి, దానికి ముందు మెడికల్. చొక్కా విప్పి, చేతిలో పట్టుకుని, తనలాంటి వాళ్ళ వరసలో నిలబడ్డాడు. చూపు బాగుందన్నారు. ఛాతీ ఎక్స్‌రే బాగుందన్నారు. రక్తంలో మాత్రం హెపటైటిస్ బి ఉందని తేలింది. కౌంటరులో మనిషి తలెత్తకుండానే “అన్‌ఫిట్ వచ్చినవాళ్ళు ఇటు పక్కకి రండి” అని హాలంతా వినబడేలా అన్నాడు. అతను పక్కకి జరిగితే, అక్కడ ముందే కూర్చున్న వాళ్ళు ఇంకాస్త దూరం జరిగారు.

“ఏవండీ,” అంది భార్య, చివరి పిన్ను పెట్టుకున్నాక. “కంచాల వల్ల రాదని చెప్పారు సరే. ఎలా వస్తుందో కూడా ఆ సెంటరు డాక్టరు చెప్పాడు కదా. అది కూడా చెప్పండి అత్తయ్యకి.”

“ఏం చెప్పాలి?”

“సూదుల వల్ల అన్నాడు. రక్తం ఎక్కిస్తే అన్నాడు. మీకు రక్తం ఎక్కించిందీ లేదు. ఇంకోటి కూడా అన్నాడు. నా నోటితో ఎందుకులెండి.”

“నేను ఎక్కడికీ వెళ్ళలేదు.”

“వెళ్ళారని నేనన్నానా?”

“అనకుండా ఏంటి మరి ఇది?”

“పోయిన ఏడాది ఊళ్ళు పట్టుకుని తిరిగారు, సైటు పని అని. ఎక్కడ ఉన్నారో ఎవరితో ఉన్నారో నేను అడిగానా? ఇప్పుడూ అడగడం లేదు.” సంచి భుజాన వేసుకుంది. “మొన్న మనమంతా ఇచ్చిన రక్తం రిజల్టులు సాయంత్రం వస్తాయి. నేను డ్యూటీ దిగి అటే క్లినిక్కుకి వస్తాను. నాకేం రాసి పెట్టి ఉందో చూసుకోవాలి కదా.”

ఆమె వెళ్ళిపోయింది. తల్లి అతని కంచంలో కాస్త ఎత్తు నుంచే అన్నం వడ్డించింది. తినకుండా లేచిపోతే ఒప్పుకున్నట్టు. తిన్నా ఒప్పుకున్నట్టే. అతను కిటికీ కింద నేల మీద కూర్చుని, తల వంచుకుని తిన్నాడు. గది అవతలి వైపు నుంచి పాప రెప్ప వేయకుండా చూస్తోంది.

*

ఆఫీసు భవనం పై కప్పు మీద లిఫ్టు మోటారు గది ఉంది. మేస్త్రీ అప్పటికే లోపల మోకాళ్ళ మీద కూర్చుని, బ్రేకు విప్పి చూస్తున్నాడు. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా జోడీ. ఒకడు పైన మోటారు దగ్గరుంటే ఒకడు కింద గోతిలో ఉంటాడు. పైనవాడు ఆదమరిస్తే కిందవాడు ఉండడు. అలాంటి జోడీ.

“రావయ్యా ఫారిన్ దొరా. టికెట్ వచ్చిందా?”

“ఇంకా లేదు.”

“పెళ్ళికూతురు కూడా ఇంత ఆలస్యం చెయ్యదు. పెట్టె సర్దుకున్నావా లేదా?”

పెట్టె తోటి పనివాళ్ళందరూ కలిసి కొనిచ్చారు. చక్రాలున్నది, నీలం రంగుది. టీ, బిస్కెట్లతో వీడ్కోలు కూడా అయిపోయింది. అతని చేత నాలుగు మాటలు చెప్పించి చప్పట్లు కొట్టారు. టికెట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్, వచ్చి చెయ్యి వెయ్యమని మేస్త్రీయే పిలిచాడు. ఆ పెట్టె ఇప్పుడు మంచం కింద ఉంది. కాలు తగిలినప్పుడల్లా దొర్లుకుంటూ బయటికి వస్తోంది.

నిన్న ఏజెంటు పక్కకి పిలిచి చెప్పిన మాట రాత్రంతా అతన్ని పడుకోనివ్వలేదు. ‘ఇంకో సెంటరు ఉంది. అక్కడ మొహాలు అంత పట్టి చూడరు. నీ ఈడు, నీ ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి నీ పేరు చెప్పి రక్తం ఇస్తే సరిపోతుంది. నమ్మకమైనవాడు ఎవరైనా ఉన్నాడా?’

నమ్మకమైనవాడు అనగానే గుర్తొచ్చిన మొహం ఇప్పుడు ఎదురుగా గ్రీజు పూసుకుని ఉంది.

“మేస్త్రీ, ఒక మాట.”

“చెప్పు.”

“నీ రక్తం కావాలి.”

మేస్త్రీ స్పానరు కింద పెట్టేశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే లేచి నిలబడి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. “ఎవరికి? అమ్మకా? ఏ ఆస్పత్రిలో వేశారు? పద, ఈ బ్రేకు మధ్యాహ్నం చూసుకోవచ్చు.”

మెకానిక్కు అడగడానికి కూడబలుక్కున్న మాటలన్నీ ఆ మడిచిన చొక్కా చెయ్యి చూసి ఎటో పోయాయి.

“ఏంటయ్యా, మాట్లాడు.”

అతను చెప్పాడు. మెడికల్ సంగతి, అన్‌ఫిట్ సంగతి, టికెట్ రాదన్న సంగతి, ఏజెంటు సలహా. చెబుతున్నంతసేపూ మోటారు వైపే చూశాడు. కింద ఎవరో మీట నొక్కినట్టున్నారు, పక్క లిఫ్టు మోటారు గిర్రున తిరిగి ఆగింది.

మేస్త్రీ మడిచిన చొక్కా చెయ్యి నిదానంగా కిందికి దించుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

“నేనిస్తే నీ జబ్బు పోతుందా?”

“పోదు.”

“అక్కడ దిగాక మళ్ళీ రక్తం తీస్తారటగా. పర్మిట్ మార్చినప్పుడల్లా తీస్తారని నువ్వే చెప్పావు. అప్పుడేం చేస్తావ్? ఆ నీలం పెట్టెలో నన్ను మడిచి పెట్టుకుని తీసుకెళ్తావా?”

నవ్వించడానికే అన్నాడు. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

“వదిలెయ్, మేస్త్రీ. నేను అడగలేదనుకో.”

“అనుకున్నాను.” మేస్త్రీ ఫ్లాస్కు తీసి, మూతలో టీ వంపి ముందు తానే ఒక గుక్క తాగి మూత అతని వైపు చాపాడు. ఎప్పుడూ అంతే, ఒకే మూత.

“వద్దులే.”

“ఎందుకు వద్దు?”

“వద్దు, నువ్వు తాగు.”

చాపిన మూత అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. ఇంట్లో వాళ్ళు నేల మీద కూర్చోబెట్టారని పొద్దుటి నుంచీ కుమిలిపోతున్నవాడు, ఇక్కడ పిలిచి పీట వేస్తుంటే తానే దూరం జరిగాడు.

*

డాక్టరమ్మ కుర్చీ పక్కన మూడో మనిషి కూర్చునే చోటు లేదు. భార్య కూర్చుంది, అతను ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె చేతులకి ఇంకా బేకరీ వాసన వస్తోంది. తల్లి పాపతో ఇంటి దగ్గరే ఉండిపోయింది. రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజే ఆవిడ ‘కొడుకు చేసిన ఘనకార్యానికి ఈ వయసులో నాకు సూదిపోటు’ అని ల్యాబు వాళ్ళందరి ముందూ అనేసి వెళ్ళింది.

“మీకు లేదమ్మా,” అంది డాక్టరమ్మ. “టీకా మాత్రం మొదలుపెట్టాలి. ఈ రోజే మొదటిది వేయించుకోండి. పాపకీ లేదు. పుట్టగానే టీకా వేశారు కాబట్టి భయం లేదు.”

భార్య భుజాలు కిందికి దిగాయి. అంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చుందని అప్పుడు తెలిసింది అతనికి.

“మీ అమ్మగారికి ఉంది.”



“ఎవరికి?” అన్నాడు అతను.

“మీ అమ్మగారికి. ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది. బయటికి ఏమీ తెలియదు, మనిషి మామూలుగానే ఉంటారు. మీకు పుట్టినప్పుడే ఆవిడ నుంచి వచ్చి ఉండాలి. గీత గీసినట్టు చెప్పలేను కానీ, పసితనంలో వచ్చినదే ఇలా ఒంట్లో ఉండిపోతుంది ఎక్కువగా.”

“మరి అమ్మకి ఎలా వచ్చింది?”

“ఆస్పత్రిలో చేశారన్నారు కదా. వార్డు ఊడ్చేటప్పుడు సూది గుచ్చుకుని ఉండొచ్చు. వాళ్ళమ్మగారి నుంచి వచ్చి ఉండొచ్చు. ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆవిడ కాలేయం ఎలా ఉందో చూడాలి, ఒకసారి తీసుకురండి. మీరూ ఆరునెల్లకోసారి వచ్చి చూపించుకోవాలి.”

అతనికి ఒక్కసారిగా గుండె తేలికైంది. తాను ఎక్కడికీ వెళ్ళలేదని భార్యకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ తేలికదనం ఒంట్లో పూర్తిగా పాకకముందే, తల్లికి జబ్బుందని వింటూ తాను ఊపిరి పీల్చుకున్నాడని అర్థమై సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఆవిడకి ఇంకా పిల్లలున్నారా?”

“అక్క ఉంది. నాకు రావలసిన ఉద్యోగం ఉన్న దేశంలోనే ఉంది. ఒక పెద్దాయన ఇంట్లో ఉండి ఆయన్ని చూసుకుంటుంది.”

“ఆవిడ కూడా పరీక్ష చేయించుకోవాలి.”

భార్య తలెత్తింది. “వదిన వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే ఒక్కటే తీశారు డాక్టరుగారూ. ఈసారి పర్మిట్ మార్చేటప్పుడు రక్తం కూడా చూస్తారట. ఒకవేళ ఉందని తేలితే?”

“అక్కడి రూల్సు నా చేతిలో లేవమ్మా. ఆవిడ ఆరోగ్యం సంగతి చెబుతున్నాను నేను,” అని డాక్టరమ్మ తరువాతి వాళ్ళ కోసం గంట కొట్టింది.

*

వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఇద్దరూ నడుస్తున్నారు. టీకా వేసిన జబ్బని రెండో చేత్తో పట్టుకుని భార్య ఒక అడుగు వెనకగా వస్తోంది.

“నేను మిమ్మల్ని…” అని ఆగింది.

“నువ్వేం అనలేదుగా.”

“అనకపోవడమే కదండీ నేను చేసింది.”

ఒక చెప్పుల దుకాణం, ఒక మూసేసిన బడి గేటు దాటారు.

“అత్తయ్యకి ఇంటికి వెళ్ళగానే చెప్పండి,” అంది.

“చెప్పను.”

“అదేంటి?”

“ఏదో బలహీనత అని చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకొస్తాను. మందులంటే వేసుకుంటుంది. ఈ సంగతి మాత్రం చెప్పను. ఆవిడకి ఉన్న గొప్పంతా శుభ్రమే. వార్డులన్నిటిలోకీ మా అమ్మ కడిగిన వార్డే బాగుండేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అది కాస్తా లాగేస్తే ఆవిడ దగ్గర ఏం మిగులుతుంది?”

“పొద్దున మిమ్మల్ని నేల మీద కూర్చోబెట్టినప్పుడు మీ దగ్గర ఏం మిగిలింది?”

“నువ్వు అద్దంలో చూస్తూనే ఉన్నావుగా.”

నోరు జారిన మాట కాదు, కావాలనే అన్నాడు. అన్నాక వెనక అడుగుల చప్పుడు వినబడలేదు. తిరిగి చూస్తే ఆమె దారి మధ్యలో ఆగిపోయి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది. దగ్గరికి వెళ్ళి ఏదో ఒకటి అనాలని ఉంది. ఏమనాలో తెలియక ఆమె వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

*

పాప ఎదురింటి మెట్ల మీద ఆడుకుంటోంది. తల్లి మంచం మీద కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“ఏమన్నారు?” అంది, తలెత్తకుండా.

“దీనికి లేదు. పాపకి లేదు.”

“నాకు?”

“నీకేం లేదమ్మా.”

భార్య గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అలాగే ఉండిపోయింది.

“నా మొహం చూసి చెప్పు.”

అతను చూశాడు. “నీకేం లేదు. కాస్త రక్తం తక్కువగా ఉందన్నారు. ఒకసారి తీసుకురమ్మన్నారు.”

తల్లి పాప గౌను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. “ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది. కాగితంలో నా నంబరు కూడా ఇచ్చి వచ్చాం కదా. డాక్టరమ్మని కలవండి అని ఊరుకోబోయింది. నేను వదల్లేదు. నేనూ ఆస్పత్రి మనిషినే తల్లీ, నా దగ్గర దాచడం ఎందుకు అన్నాను. చెప్పేసింది.”

అతనికి తల కొట్టేసినట్టయింది.

“తెలిసీ అడిగావా?”

“నువ్వేం చెబుతావో విందామని.” ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. “ఆ అమ్మాయిని ఇంకోటి కూడా అడిగాను. తల్లి నుంచి బిడ్డకి వస్తుందా అని. వస్తుంది అంది.”

“అమ్మా, అది నీకు తెలిసి జరిగింది కాదు.”

“తెలియకే కదా, అంత గట్టిగా చేశాను.” గౌను పక్కన పెట్టింది. “ల్యాబులో అందరి ముందూ ఏమన్నానో నాకు గుర్తుంది. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. దించుకున్నావు కాబట్టి తప్పు చేసే ఉంటావని అనుకున్నాను. కన్నతల్లిని.”

అతను ఆవిడ పక్కన కూర్చోబోయాడు. ఆవిడ జరిగింది. అతని కోసం చోటు ఇవ్వడానికా, దూరంగా ఉండడానికా అర్థం కాలేదు.

పాప బయటి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ‘నానమ్మా’ అంటూ మంచం ఎక్కబోయింది. ఆవిడ చేతులు రెండూ పైకెత్తేసింది. “రాకు. నా దగ్గరికి రాకు తల్లీ.”

పాప ఆగిపోయి తండ్రి వైపు చూసింది, ఇప్పుడు ఎవరికి ఒంట్లో బాలేదో చెప్పమన్నట్టు.

భార్య వచ్చి పాపని ఎత్తి, అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. “దానికి టీకా ఉంది అత్తయ్యా. డాక్టరమ్మ చెప్పింది. దించకండి.”

ఆవిడ దించలేదు. ముట్టుకోనూ లేదు. ఒళ్ళో పిల్ల, గాలిలో రెండు చేతులు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

“అమ్మా,” అన్నాడు అతను. “అక్కకి చెప్పాలి. ఈసారి పర్మిట్‌కి దాని రక్తం కూడా తీస్తారు. ఆ పరీక్షకి వెళ్ళకముందే ఫోన్ చేసి చెబితే ఏదో ఒక దారి ఆలోచించుకుంటుంది.”

“పొద్దున్న నువ్వు పనికి వెళ్ళాక అదే ఫోన్ చేసింది.”

“ఏమంది?”

“పెద్దాయన కొడుకు కారులో తీసుకెళ్ళాడట. ఆ పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చేసిందట. చెయ్యి కూడా నొప్పెట్టలేదంది.”

భార్య మంచం కోడు పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

“నీ గురించి అడిగింది,” అంది తల్లి. “టికెట్ ఎప్పుడని.”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెప్పను? నీ పరువు పోతుందని, ఈ వారమో వచ్చే వారమో వచ్చేస్తాడన్నాను.” ఆవిడ చేతులు ఇంకా పైకే ఉన్నాయి. “మా తమ్ముడు కూడా ఇక్కడికే వచ్చేస్తున్నాడని ఆ ఇంట్లో వాళ్ళందరికీ చెప్పిందట. పెద్దాయన కొడుకు వాళ్ళ కంపెనీలో నీ గురించి మంచి మాట చెబుతానన్నాడట. నీ మెడికల్ కాగితం ఫోటో తీసి పంపమంది.”